ఉచిత ఆటల ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

గత వేసవి సెలవుల్లో మా అక్కయ్య కొడుకు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "మామయ్యా, డబ్బులు కట్టకుండా ఆడుకునే మంచి ఆటలు నువ్వే చూసి పెట్టు" అని అడిగాడు. వాడు ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి వచ్చాడు. ల్యాప్‌టాప్ వాళ్ల నాన్న ఆఫీసులో కొన్నాళ్లు వాడుకుని పక్కన పెట్టింది: 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, డిస్కులో ఖాళీ అంతంతమాత్రం. నెట్ కూడా ఫోన్ హాట్‌స్పాట్ మీదే, రోజుకు 2 జీబీ దాటితే నత్తనడక. ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయే పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ పట్టడానికి కారణం మంచి ఆటలు దొరకకపోవడం కాదు. "ఉచితం" అని రాసి ఉన్న ప్రతి ఆటా వేరే అర్థంలో ఉచితం కావడం, ఆ అర్థమేమిటో తెలియకుండా ఒకదాన్ని మరొకదానితో పోల్చడం వీలుకాకపోవడం.

ఇంగ్లీషులో "ఫ్రీ" అనే ఒక్క మాటే డబ్బు అక్కర్లేదనే అర్థాన్నీ, స్వేచ్ఛ ఉందనే అర్థాన్నీ మోస్తుంది కాబట్టి, ఫ్రీ సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్) గురించి మాట్లాడేవాళ్లు ఆ రెండింటినీ విడదీసి చెప్పడానికి దశాబ్దాలుగా అవస్థ పడుతున్నారు. తెలుగులో మనకా చిక్కు లేదు. ఉచితం ఉచితమే, స్వేచ్ఛ స్వేచ్ఛే. హైదరాబాదులో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసిన సంస్థ తన పేరును "స్వేచ్ఛ" అని పెట్టుకోవడంలో ఆ స్పష్టత ఉంది. ఆ రెండు మాటల మధ్య మన బజారు భాషలో ఇంకా ఎన్నో మాటలున్నాయి: రుచి చూపించడం, కొసరు వేయడం, ఎర వేయడం, చలివేంద్రం పెట్టడం. ఆటల దుకాణాలు వీటన్నిటి మీదా ఒకే చీటీ అంటించి అమ్ముతున్నాయి. నేను చెప్పదలచినది ఇదే: ఉచిత ఆటల్ని బొమ్మల అందాన్ని బట్టో, ఎంతమంది ఆడుతున్నారన్న లెక్కను బట్టో పోల్చేముందు, ఆ ఆట తయారీకీ నిర్వహణకూ అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారో అడగాలి.

రుచి చూపించే పద్ధతి వీటన్నిటిలో నిజాయితీ అయినది. మామిడిపళ్ల బండి దగ్గర ఒక ముక్క కోసి చేతిలో పెట్టడంలో దాపరికమేమీ లేదు. నచ్చితే కొంటారు, లేకపోతే వెళ్లిపోతారు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ అనే షూటింగ్ ఆట అలాంటిదే. మొదటి భాగమంతా ఉచితం, ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చు, మిగతా భాగాలు కావాలంటే డబ్బు కట్టాలి. ఆ ఆటకు తర్వాత జరిగినది ఇంకా ముఖ్యం. 1997లో దాన్ని తయారు చేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాతను, బయటపెట్టింది, 1999లో దాన్ని ఎవరైనా మార్చుకుని పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చింది. బొమ్మలూ శబ్దాలూ మాత్రం కంపెనీవే కాబట్టి, వాటి స్థానంలో సొంతంగా గీసినవి పెట్టి ఫ్రీడూమ్ అనే ఆటను స్వచ్ఛంద కళాకారులు తయారు చేశారు. రుచి చూపించడంతో మొదలైన ఆట స్వేచ్ఛ దాకా నడిచింది. ఇప్పటికీ అది ఎంత పాత యంత్రం మీదనైనా పరుగెత్తుతుంది.

ఇక్కడ దొంగ కాపీల మాట చెప్పక తప్పదు, ఎందుకంటే మా తరానికి ఉచిత ఆట అంటే అదే. నెట్ సెంటర్లలో గంటకు ఇంతని కట్టి ఆడుకున్న ఆటల్లో కొన్నవి ఎన్నో నాకు అనుమానమే. ఇంటికి తెచ్చుకున్న సీడీలన్నీ మార్కర్ పెన్నుతో పేరు రాసినవే. నేను డిగ్రీలో ఉండగా ఒక డౌన్‌లోడ్ సైటు నుంచి క్రాక్ చేసిన (కొనకుండా నడిచేలా తాళం పగలగొట్టిన) ఆటను దింపుకున్నాను. మర్నాటికి బ్రౌజరు మొదటి పేజీ మారిపోయింది, వారం తిరిగేసరికి కంప్యూటరు తెరుచుకోవడం మానేసింది, అందులో ఉన్న మా తాతయ్య ఆఖరి సంక్రాంతి ఫోటోలు పోయాయి. వాటికి వేరే కాపీ లేదు. ఆ నష్టం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. క్రాక్ ఫైలు నడవడానికి యాంటీవైరస్‌ను ఆపమని చెప్పే సైటు, ఇంటి తాళం చెవి ఇమ్మని అడిగే అపరిచితుడితో సమానం. ఆ ఆటకు ఖర్చు ఎవరు పెట్టారంటే దాన్ని తయారు చేసినవాళ్లూ, తర్వాత నేనూ.

అందుకే మేనల్లుడికి మొదట నేర్పింది ఆట పేరు కాదు, దింపుకునే పద్ధతి. వెతికినప్పుడు పైన కనిపించే మొదటి ఫలితం ప్రకటన కావచ్చు. ఆటను తయారు చేసినవాళ్ల సొంత సైటు ఏదో చూసుకుని అక్కడికే వెళ్లాలి. పేజీలో మూడు పచ్చటి డౌన్‌లోడ్ బటన్లు ఉంటే అందులో రెండు ఆటవి కావు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "తర్వాత, తర్వాత" అని నొక్కుకుంటూ పోకుండా, ముందుగానే టిక్కు పెట్టి ఉంచిన టూల్‌బార్లను తీసేయాలి. తయారీదారులు చెక్‌సమ్, అంటే ఫైలు గుర్తింపుకు లెక్కగట్టిన అంకెల వరుస, ఇస్తే, దింపుకున్న ఫైలుతో అది సరిపోయిందో లేదో చూడాలి. వాడికి ఈ చివరిది బాగా నచ్చింది. ఒక్క బైటు మారినా ఆ అంకెల వరుస మొత్తం మారిపోతుందని తెలిశాక, తనంతట తానే ఒక టెక్స్ట్ ఫైలులో అక్షరం మార్చి మార్చి చూశాడు.

కొసరు సంగతికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరులో మొదలైనప్పటి నుంచీ, మామూలుగా డబ్బుకు అమ్మే ఆటల్ని వంతులవారీగా ఉచితంగా ఇస్తూ వస్తోంది. 2020 మేలో జీటీఏ ఫైవ్‌ను ఇచ్చిన రోజు తాకిడికి దుకాణమే కాసేపు కుప్పకూలింది. ఆ ఖర్చు దుకాణానిది: ఆట తయారీదారులకు ముందే డబ్బు ముట్టజెప్పి, మనల్ని తన గుమ్మంలోకి రప్పించుకుంటుంది. కూరగాయల కొట్టువాడు వేసే గుప్పెడు కరివేపాకు లాంటిదే ఇది, తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఆటలు ఆ ఖాతాకే కట్టుబడి ఉంటాయన్నదీ, వాటిలో చాలావాటిని మా వాడి ల్యాప్‌టాప్ మోయలేదన్నదీ గుర్తుంచుకోవాలి.

అసలు తర్జనభర్జన ఎర దగ్గర వచ్చింది. దుకాణాల్లో "ఫ్రీ టు ప్లే" అన్న విభాగం కింద ఉండేవి ఇవే. వాల్వ్ కంపెనీ 2007లో డబ్బుకు అమ్మిన టీమ్ ఫోర్ట్రెస్ టూను 2011 జూన్‌లో ఉచితం చేసి, ఆటలోని టోపీలూ ఆయుధాలూ అమ్ముకుని బతకవచ్చని నిరూపించాక, పెద్ద కంపెనీలు చాలావరకు ఆ దారిలో నడిచాయి. ఈ పద్ధతిలో ఆడేవాళ్లలో ఎక్కువమంది పైసా ఇవ్వరు; కొద్దిమంది మాత్రం భారీగా ఖర్చు చేస్తారు. ఆ కొద్దిమంది కోసం ఆట రూపం మారుతుంది. రోజూ వచ్చి హాజరు వేసుకుంటేనే దక్కే బహుమతి, గడువు తీరితే మళ్లీ దొరకని దుస్తులు, రూపాయల్ని రత్నాలుగా మార్చి అసలు ధర కనిపించకుండా చేసే నాణేలు, లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు, ఇవన్నీ ఆట కోసం పుట్టినవి కావు. 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ అలాంటి పెట్టెల్ని జూదంగానే పరిగణించింది. 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీలో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్ మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అందులో 27.5 కోట్లు పిల్లల గోప్యత చట్టాన్ని ఉల్లంఘించారన్న అభియోగానికి జరిమానా, 24.5 కోట్లు, తికమక పెట్టే బటన్లతో అనుకోని కొనుగోళ్లు చేయించారన్న అభియోగం మీద వినియోగదారులకు తిరిగి ఇవ్వవలసినవి.

ఇలా అని ఈ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం, నేనూ కట్టను. డోటా టూలో హీరోలందరూ డబ్బు కట్టకుండానే ప్రతి ఆటగాడికీ అందుబాటులో ఉంటారు. డబ్బుతో కొనేవి అలంకారాలే, గెలుపు కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో పాత్రల్ని ఆడి సంపాదించుకోవాలి, లేదా కొనుక్కోవాలి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే జాతి ఆటలు, రెండూ ఉచితమే. కానీ డబ్బు లేని కుర్రవాడికి మొదటిది ఇచ్చే మర్యాద రెండోది ఇవ్వదు. ఆటను పోల్చడమంటే నా దృష్టిలో ఇదే. డబ్బు ఏమి కొంటుంది? అందాన్నా, సమయాన్నా, బలాన్నా? బలాన్ని కొనగలిగిన ఆటను పిల్లల చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

మరో ధర కూడా ఉంది, అది రూపాయల్లో కనిపించదు. వాలరెంట్ అనే షూటింగ్ ఆట ఆడాలంటే వ్యాన్‌గార్డ్ అనే మోసనిరోధక ప్రోగ్రామును కెర్నెల్ స్థాయిలో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అట్టడుగు పొరలో, కంప్యూటరు తెరుచుకున్నప్పటి నుంచే నడవనివ్వాలి. మోసగాళ్లను ఆపడానికి అది అవసరమని తయారీదారుల వాదన, ఆ వాదనలో బలముంది. కానీ ఇంట్లో బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్ మీద జరుగుతున్నప్పుడు, ఒక ఆట కోసం అంత లోతుకు తలుపు తీయాలా వద్దా అన్నది పెద్దలు కూర్చుని నిర్ణయించవలసిన విషయం. డౌన్‌లోడ్ పరిమాణం సంగతి సరేసరి. ఇలాంటి ఆటలు పదుల జీబీల్లో ఉంటాయి, అప్‌డేట్లు అదనం. రోజుకు 2 జీబీ ఉన్న ఇంట్లో ఆ ఆట దిగడానికే రెండు మూడు వారాలు పడితే, అది ఉచితమనడం ఎలా?

దింపుకోనక్కర్లేకుండా బ్రౌజరులోనే ఆడే ఆటలు ఇలాంటి ఇళ్లకు వరంలా కనిపిస్తాయి, చాలావరకు వరమే. కానీ వాటి ఆయుష్షు మన చేతిలో ఉండదు. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్‌ను నా ఈడువాళ్లు ఎంతమంది ఆడారో చెప్పనక్కర్లేదు. వేసిన పంటను వేళకు కోయకపోతే ఎండిపోతుందని ఆఫీసు మధ్యలో లేచి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. అది బ్రౌజరులో ఆటలూ వీడియోలూ నడిపే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. అదే రోజు ఆ పొలాలన్నీ మూతపడ్డాయి. ఫ్లాష్‌తో పాటు మాయమవబోయిన వేలాది చిన్న ఆటల్ని ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద ప్రయత్నం 2018 నుంచీ సేకరించి దాచింది, ఫ్లాష్‌ను అనుకరించే రఫుల్ అనే ప్రోగ్రాము వాటిలో కొన్నిటిని మళ్లీ బ్రౌజరులో నడిపిస్తోంది. పాత డిజిటల్ సామగ్రిని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు 2015 ఆరంభంలోనే విండోస్‌కు ముందు కాలపు డాస్ మీద నడిచిన సుమారు 2,400 ఆటల్ని బ్రౌజరులో ఆడుకునేలా పెట్టింది. వీటిని నేను ఆటల గ్రంథాలయాలుగా చూస్తాను. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల్ని కాపాడినవాళ్ల పట్ల ఉండే కృతజ్ఞతే వీళ్ల పట్లా ఉంది.

బ్రౌజరు ఆటల్లో నాకు అన్నిటికంటే గౌరవం లీచెస్ అనే చదరంగం సైటు మీద. వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) జాబితాలో 2800 రేటింగు దాటాక, మా మేనల్లుడికి చదరంగం మీద ధ్యాస పెరిగింది. వాడి కోసం రెండు సైట్లు పక్కపక్కన పెట్టి చూశాను. చెస్.కామ్‌లో ఖాతా ఉచితమే, పాఠాలూ పోటీలూ బాగుంటాయి. అయితే ఉచిత ఖాతాలో ప్రకటనలుంటాయి, పజిళ్లకూ ఆట విశ్లేషణకూ పరిమితి ఉంటుంది, అంతకుమించి కావాలంటే చందా కట్టాలి. అది వ్యాపారం, దాచకుండా చేస్తున్న వ్యాపారం. 2010లో తిబో దుప్లెస్సీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన లీచెస్‌లో ప్రకటనలు లేవు, చందాలు లేవు, పజిళ్లకు లెక్క లేదు. విరాళం ఇచ్చినవాళ్లకు పేరు పక్కన చిన్న గుర్తు తప్ప ఆటలో అదనంగా ఏమీ దక్కదు. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంది. సర్వర్లకూ జీతాలకూ ఎంతవుతోందో ఆ లెక్కలు కూడా బయటే ఉన్నాయి. ఎండాకాలం కూడలిలో పందిరి వేసి కుండలు పెట్టిన చలివేంద్రానికి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు తట్టలేదు. నీళ్లు తాగి వెళ్లేవాణ్ణి నువ్వెవరని అక్కడ ఎవరూ అడగరు. కుండ నింపేవాడు మాత్రం ఒకడుండాలి. చేతనైనప్పుడు ఆ ఖర్చులో పాలు పంచుకోవాలని నేను వాడికి చెప్పాను.

కుండ నింపేవాడి సంగతి మరచిపోతే ఏమవుతుందో డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ చరిత్ర చెబుతుంది. టార్న్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు 2006లో ఆ ఆటను ఉచితంగా విడుదల చేసి, విరాళాల మీదే ఏళ్ల తరబడి మెరుగుపరిచారు. తెర మీద అక్షరాలూ గుర్తులే బొమ్మలు. వాటి వెనుక కొండలు, నదులు, వంశావళులు, యుద్ధాలతో ఒక లోకమంతా తనంతట తాను పుడుతుంది. కుటుంబంలో అనారోగ్యం వచ్చి, అమెరికా వైద్య ఖర్చుల భయం ఎదురయ్యాక, వాళ్లు బొమ్మలు జోడించిన ప్రతిని 2022 డిసెంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో డబ్బుకు పెట్టారు. పాత రూపం ఇప్పటికీ ఉచితమే. పదహారేళ్ల పాటు ఆ ఖర్చు ఆ ఇద్దరు అన్నదమ్ముల జీవితం భరించిందని తెలిశాక, ఉచిత ఆటకు ఒకటిన్నర చుక్క ఇచ్చి "టైమ్ వేస్ట్" అని రాసి వెళ్లేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

చివరికి ఆ ల్యాప్‌టాప్‌లో నిలిచినవి ఎక్కువగా స్వేచ్ఛ ఆటలే. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన బ్యాటిల్ ఫర్ వెస్నాత్ ఆరు పలకల గళ్ల మీద వంతులవారీగా సాగే యుద్ధం. అడవిలో నిలబడ్డ ఎల్ఫును కొట్టడం కష్టం, మైదానంలోకి రప్పిస్తే సులువు. పగలు కొన్ని దళాలకు బలం పాతిక శాతం పెరిగితే రాత్రి అంతే తగ్గుతుంది, చీకటి దళాలకు అందుకు తిరగబడుతుంది. మా వాడు మొదటి రెండు రోజులు అదృష్టాన్ని తిట్టుకున్నాడు, మూడో రోజు నుంచి సూర్యాస్తమయానికి ముందే సైన్యాన్ని గ్రామాల్లోకి వెనక్కి తీసుకోవడం నేర్చుకున్నాడు. ఓపెన్‌టీటీడీ ఇంకా చిన్నది, హాట్‌స్పాట్ మీద నిమిషాల్లో దిగింది. 1990ల నాటి ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ను 2004 నుంచి స్వచ్ఛంద ప్రోగ్రామర్లు తిరిగి రాసిన రూపమది. బొమ్మలు కూడా సొంతంగా గీసుకున్నారు కాబట్టి పాత ఆట కొనవలసిన అవసరం లేదు. బొగ్గు గనికీ విద్యుత్ కేంద్రానికీ మధ్య పట్టాలు వేసి, సిగ్నల్ తప్పుగా పెడితే రైళ్లన్నీ ఒకదాని వెనుక ఒకటి ఎలా ఆగిపోతాయో చూశాక, మావాడు కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగినప్పుడల్లా కిటికీలోంచి సిగ్నళ్లే చూస్తున్నాడట.

జీరో ఏడీ విషయంలో మాత్రం మనసులో మాట చెప్పాలి. ప్రాచీన రాజ్యాల మధ్య యుద్ధాల ఆట అది, 2009లో సోర్స్ కోడ్ తెరిచారు. అందులో మౌర్యులున్నారు, పనికి కుదిరిన ఏనుగు కట్టెలూ రాళ్లూ సేకరించేవాళ్ల పక్కనే నిలబడి సరుకు అందుకుంటుంది. ఎంతో అందంగా ఉంది. కానీ సైన్యాలు పెరిగేకొద్దీ ఈ యంత్రం ఆయాసపడింది, పెద్ద యుద్ధం దగ్గర బొమ్మ ఆగి ఆగి కదిలింది. స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఆట బాగున్నట్టు కాదు. జీతాల్లేని చేతుల మీద నడిచే పనుల్లో పాఠాలు అరకొరగా ఉంటాయి, మెనూలు గజిబిజిగా ఉంటాయి, ఆన్‌లైన్‌లో మధ్యాహ్నం పూట వెతికితే ఒక్క ఆటగాడు కూడా కనిపించడు. ఇష్టపడ్డవాటిలో లోపాల్ని దాచి సిఫారసు చేస్తే, తర్వాత నా మాట వాడు నమ్మడు.

ఆ చివరి లోపమే వాడికి అన్నిటికంటే పెద్దది. "ఇవి బాగానే ఉన్నాయి మామయ్యా, కానీ మా వాళ్లంతా ఆ షూటింగ్ ఆటలోనే ఉంటారు" అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. పెద్ద కంపెనీలు అమ్మేది తుపాకుల రంగుల్ని కాదు, స్నేహితులున్న చోటును. ఆ చోటును ఏ లైసెన్సూ తెచ్చి పెట్టలేదు. రెండు రోజులు ఆలోచించి సూపర్‌టక్స్‌కార్ట్ పెట్టి చూపించాను. కార్ల పందెం ఆట, సోర్స్ కోడ్ తెరిచినదే. ఒకే తెరను పంచుకుని ఆడవచ్చు, ఒకే వైఫై మీద ఉన్న కంప్యూటర్లను కలిపి ఆడవచ్చు, దానికి నెట్ ఖర్చు కాదు, ఖాతా అక్కర్లేదు. ఫైలును పెన్‌డ్రైవులో వేసి ముగ్గురు స్నేహితులకు ఇచ్చాడు. ఇలా పంచుకోవడం తప్పు కాదా అని అడిగాడు. కాదని, ఈ ఆట లైసెన్సు పంచుకోమనే చెబుతుందని, ఆ పేజీ తెరిచి చూపించాను. వచ్చే ఆదివారం ఆ ముగ్గురూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మా అక్కయ్య వాళ్లింటికి వస్తున్నారు. హాల్లో ఉన్న ప్లగ్గు ఒక్కటే కాబట్టి, వచ్చేటప్పుడు జంక్షన్ బాక్స్ ఒకటి తెమ్మని అక్కయ్య నాకు ఫోన్ చేసింది.